వైయాకరణుని పుట : ఆల్డస్ మనూటియస్ జీవితము

1985వ సంవత్సరమున అమెరికాలోని సియాటిల్ నగరపు కంపెనీ యొకటి పేజ్‌మేకర్ అను కంప్యూటర్ ప్రోగ్రామును విడుదల చేసినది. బల్లమీది యంత్రముననే పుటను కూర్చి, బొమ్మను చేర్చి, అచ్చునకు సిద్ధము చేయు విధానమునకు డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అను పేరు వ్యాపించినది దానితోనే. తెలుగునాట డి.టి.పి. అను మూడక్షరములుగా స్థిరపడిన వృత్తి ఇది. 1990ల నుండి తెలుగు గ్రంథములు, పత్రికలు ఎన్నియో ఆ ప్రోగ్రాములోనే పుటలుగా కూర్పబడినవి. ఆ కంపెనీ పేరు ఆల్డస్. దాని చిహ్నము ఒక ప్రాచీన పురుషుని పార్శ్వముఖము. 1994లో కంపెనీ అడోబీ సంస్థలో లీనమైనది. ప్రోగ్రాము కూడ క్రమముగా మరుగున పడినది. ఆ ముఖము ఎవరిదని విచారించిన కూర్పరులు బహుశః తక్కువ.

అది 15వ శతాబ్దపు చివరి దశకమున వెనిస్ నగరమందు అచ్చుకూటమును స్థాపించిన ఆల్డస్ మనూటియస్ ముఖము. పుస్తకరూపశిల్పమునకు ఆయనను మూలపురుషునిగా పేర్కొనుట పరిపాటి. కాని ఆయన కంసాలి కాడు, చిత్రకారుడు కాడు, వర్తకుడు అంతకంటె కాడు. ఆయన భాషాబోధకుడు, వైయాకరణుడు. నలువది యేండ్లు దాటువరకు ముద్రణవృత్తిలో అడుగిడలేదు. పుటకు ఆయన ఇచ్చిన రూపములలో ముఖ్యమైనవన్నియు పాఠము చెప్పువాని అవసరములనుండి పుట్టినవే. ఈ సంగతి గుర్తింపనిచో ఆయన కీర్తి కేవలము అందమైన అక్షరముల కీర్తిగా మిగిలిపోవును.

ఆల్డస్ జన్మస్థలము రోమునకు దక్షిణమున నున్న బసియానో అను చిన్న గ్రామము. జన్మసంవత్సరమును 1449 మొదలు 1452 వరకు పండితులు పలువిధములుగా నిర్ణయించినారు. రోములో లాటిన్ అభ్యసించి, పిదప ఫెరారాలో బత్తిస్తా గ్వరీనో వద్ద గ్రీకు నేర్చినాడు. 1482లో వెనిస్‌కు ఫెరారాకు యుద్ధము రాగా ఆ నగరమును విడిచి, మిత్రుడును ప్రసిద్ధ తాత్త్వికుడును అయిన జొవాన్నీ పీకో ఆశ్రయమున మిరాండోలాలో కొంతకాలము గడపినాడు. పీకో సోదరి కాటెరీనా కార్పీ సంస్థానమున వితంతువై యుండెను. ఆమె కుమారులు ఆల్బెర్తో, లియొనెల్లో అనువారలకు ఆల్డస్ గురువైనాడు. ఈ ఉపాధ్యాయత్వమే ఆయన జీవితమున మలుపు. పెద్దశిష్యుడైన ఆల్బెర్తో పీయో తరువాతి కాలమున గురువునకు ధనసాహాయ్యము చేయుటయే కాక తన వంశనామమును కూడ ధరింపనిచ్చినాడు.

రాకుమారులకు పాఠము చెప్పుచున్న కాలమున ఆల్డస్‌కు బోధకులందరకు తెలిసిన చిక్కే ఎదురైనది. లాటిన్ వ్యాకరణములు చాలవరకు కంఠస్థము కొరకు ఛందోబద్ధములైన సూత్రరాశులు. బాలుడు సూత్రములు వల్లించును గాని కవిని చదువలేడు. ఆల్డస్ స్వయముగా ఒక లాటిన్ వ్యాకరణము రచించినాడు. అది 1493లో వెనిస్‌లో ఆంద్రేయా తొరెసానీ అను ముద్రాపకుని వద్ద అచ్చయినది. తరువాతి కూర్పులో అధ్యాపకులను ఉద్దేశించి, బాలురచేత మహాకవుల వాక్యములు తప్ప మరేమియు బలవంతముగా కంఠస్థము చేయింపవలదని, తన వ్యాకరణమును కూడ మినహాయింపక హెచ్చరించినాడు. తాను రచించిన వ్యాకరణమును వల్లె వేయింపవద్దని కోరిన వైయాకరణుడు ఏ భాషలోనైనను అరుదే.

గ్రీకు విషయమున చిక్కు మరింత పెద్దది. లాటిన్‌లో వ్యాకరణములు చెడ్డవైనను పుస్తకములున్నవి. గ్రీకున పుస్తకములే అరుదు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమైన పిదప గ్రీకు పండితులు, వారితోపాటు వ్రాతప్రతులు ఇటలీకి చేరుకొనినవి. 1468లో కార్డినల్ బెస్సారియోన్ తన మహాగ్రంథాలయమును వెనిస్ ప్రభుత్వమునకు దానము చేసినాడు. విచిత్రమేమనగా ఆ ప్రతులు చిరకాలము పెట్టెలలోనే పడియుండినవి; ఆల్డస్ వానిని విరివిగా వాడుకొన్నట్లు బలమైన ఆధారము లేదు. పండితులున్నారు, ప్రతులున్నవి, విద్యార్థి చేతిలో మాత్రము పుస్తకము లేదు. ఈ లోటును తీర్చు సంకల్పముతో ఆల్డస్ 1490 ప్రాంతమున వెనిస్ చేరినాడు. కాగితము, పెట్టుబడి, ఓడలు, గ్రీకు వలసజనము అన్నియు ఒక్కచోట లభించు నగరము అదియే.

తన వ్యాకరణమును అచ్చువేసిన తొరెసానీయే 1495లో భాగస్వామి అయినాడు. రెండవ భాగస్వామి పియెర్‌ఫ్రాంచెస్కో బార్బరీగో వెనిస్ పాలకవంశమునకు చెందినవాడు. పెట్టుబడిలో ఆల్డస్ వాటా స్వల్పము. సంకల్పము ఆయనది, సొమ్ము ఇతరులది. ఈ అసమానత ఆయన జీవితాంతము వెన్నాడినది.

తొలి పుస్తకము ఏది? అరిస్టాటిల్ కాడు, హోమర్ కాడు. కాన్‌స్టాంటీన్ లస్కారిస్ రచించిన గ్రీకు వ్యాకరణము. పియెత్రో బెంబో అను యువపండితుడు సిసిలీ ద్వీపమునకు పోయి లస్కారిస్ వద్ద స్వయముగా చదివి, గ్రంథకర్త దిద్దిన ప్రతిని తెచ్చి యిచ్చినాడు. గ్రీకు పక్కన లాటిన్ అనువాదము ఉండుటచే గురువు లేనివాడు కూడ ప్రారంభింపగలడు. పుస్తకముపై ఒకచోట 1494 ఫిబ్రవరి 28 అని యున్నది. వెనిస్‌లో సంవత్సరాది మార్చి 1వ తేదీ కనుక అది నేటి లెక్కకు 1495. శాలివాహన శకమును, ప్రభవాది వత్సరములను క్రీస్తుశకమునకు మార్చుటలో చిక్కుపడిన పరిశోధకులకు ఈ జాతి పొరపాటు క్రొత్త కాదు. ఆల్డస్ పుస్తకములలో జనవరి, ఫిబ్రవరి తేదీలను చూచునపుడెల్ల ఒక సంవత్సరము కలుపవలసి యుండును.

వ్యాకరణము వెంట అరిస్టాటిల్ వచ్చినాడు. 1495 మొదలు 1498 వరకు ఐదు పెద్ద సంపుటములు. 1498 అక్టోబరున ఆల్డస్ ప్రకటించిన గ్రీకుపుస్తకముల వెలపట్టిక ప్రకారము ఐదింటి వెల 11 డకట్లు. బంగారునాణెములలో చెప్పిన ఆ వెల సామాన్య విద్యార్థికి అందునది కాదు. కావ్యశాస్త్రము బోధించువారికి ఆసక్తి కలిగింపగల విషయమొకటి కలదు: అరిస్టాటిల్ కావ్యతత్త్వ గ్రంథము ఈ ఐదు సంపుటములలో లేదు. అది 1508లో గ్రీకు అలంకారికుల సంపుటమున మొదటిసారి మూలభాషలో అచ్చయినది. అదియు ఆల్డస్ అచ్చుకూటముననే.

ఇక అక్షరముల సంగతి. ఆనాడు ఒక అక్షరమును అచ్చునకు తెచ్చుటకు మూడు పనులు కావలెను. ఉక్కు కడ్డీ చివర అక్షరమును అద్దములోని ప్రతిబింబమువలె ఎదురుగా చెక్కవలెను. దానిని రాగిపలకపై మోది గుంట చేయవలెను. ఆ గుంటలో సీసపు మిశ్రమమును పోసి అచ్చులు తీయవలెను. మొదటి పని అన్నిటికంటె దుష్కరము. దానిని చేసినవాడు బొలోన్యా నివాసి ఫ్రాంచెస్కో గ్రిఫ్ఫో. గ్రీకు లిపిలో అక్షరములపై స్వరచిహ్నములు, ఊపిరిచిహ్నములు ఉండును. వేగముగా వ్రాయునపుడు అక్షరములు ఒకదానితో నొకటి పెనవైచుకొని జంటలగును. గుణింతములకు, ఒత్తులకు వందలకొలది గళ్ళు కావలసిన తెలుగు కేసుపెట్టె ముందు నిలువబడినవారికి ఆ కష్టము విప్పి చెప్పనక్కరలేదు. ఆల్డస్ కాలపు గ్రీకు పండితుల గొలుసుకట్టు వ్రాతనే మాదిరిగా గైకొని గ్రిఫ్ఫోచేత నాలుగు గ్రీకు టైపులు చేయించినాడు.

ఇది నేర్పుతో చేసిన పనియే గాని వివేకముతో చేసిన పని యనుట కష్టము. అంతకుముందే వెనిస్‌లో నికొలాస్ జెన్సన్ అనువాడు విడివిడిగా నిలుచు నిర్మలమైన గ్రీకు అక్షరములను చేసి చూపియుండెను. ఆల్డస్ ఆ దారిని విడిచి పండితుని చేవ్రాతను ఎంచుకొనుటచే, ఆయన ప్రతిష్ఠను అనుసరించి ఐరోపా యంతయు రెండు శతాబ్దములకు పైగా జంటలిపుల చిక్కులోనే గ్రీకును చదివినది. బోధకుడు తన విద్యార్థి కంటిని మరచి తన సహపండితుల కంటికి లోబడిన సందర్భము ఇదొక్కటియే.

లాటిన్ అక్షరములలో మాత్రము ఆ పొరపాటు జరుగలేదు. 1496 ఫిబ్రవరిలో, అనగా వెనిస్ లెక్కకు 1495లో, బెంబో తన ఎట్నా పర్వతారోహణమును గూర్చి వ్రాసిన అరువది పుటల చిన్నపుస్తకము వెలువడినది. విషయము స్వల్పము, అక్షరము అపూర్వము. పెద్ద అక్షరములను చిన్న అక్షరముల నిలువుగీతలకంటె కొంచెము పొట్టిగా నిలిపి, పుటలో అవి పొడుచుకొని రాకుండ గ్రిఫ్ఫో చెక్కినాడు. తరువాతి శతాబ్దమున పారిస్ శిల్పులు దీనినే అనుకరించిరి; 1929లో ఇంగ్లండునందలి మోనోటైప్ సంస్థ దీనిని పునరుద్ధరించి బెంబో అను పేరుతో ప్రచారము చేసినది. ఆ చిన్నపుస్తకముననే కామాకు పూర్ణవిరామమునకు నడుమ నిలుచు అర్ధవిరామచిహ్నము నేటి రూపముతో మొదట కనిపించినది. దండము, రెండు దండములు తప్ప ఎరుగని తాళపత్రములనుండి పాఠమును విడదీసి పదచ్ఛేదము చేసినవారికి, విరామచిహ్నము కేవలము అలంకారము కాదనియు, అన్వయనిర్ణయమే ననియు తెలియును. వాక్యము ఎచట ఆగునో నిర్ణయించినవాడు అర్థమును నిర్ణయించినట్లే. ఆ పనికి పూనుకొన్నది శిల్పి కాదు, వైయాకరణుడు.

1499 డిసెంబరున వెలువడిన పోలిఫీలో స్వప్నకథ సుమారు 170 కొయ్యచెక్కడపు బొమ్మలతో ముద్రణకళాప్రియుల ఆరాధ్యగ్రంథమైనది. దీనిని వెరోనా నగరవాసి లియొనార్దో గ్రాస్సో తన సొమ్ముతో అచ్చు వేయించుకొనినాడు. ఆల్డస్ పేరు చెప్పగనే అందరు ఈ పుస్తకమునే తలచుట సరికాదు. బయటివారి సొమ్ముతో చేసిన ఈ కూలిపనిలో ఆల్డస్ సంకల్పము ఏపాటిదో చెప్పలేము.

ఆయన అసలు ఘనకార్యము 1501 ఏప్రిల్‌లో వర్జిల్ కావ్యములతో ప్రారంభమైనది. అంతవరకు వర్జిల్ అనిన పెద్ద తావులపై, నడుమ కొద్ది పంక్తుల మూలము, నలువైపుల సెర్వియస్ మొదలగువారి వ్యాఖ్యలతో బల్లపై పెట్టి చదువవలసిన బరువైన గ్రంథము. ఆల్డస్ తావును మూడుమార్లు మడిచి ఎనిమిది ఆకులు చేసినాడు. ఆ చిన్నపుటపై వ్యాఖ్య లేదు, టిప్పణి లేదు; మూలము మాత్రమే కలదు. చోటు కలిసివచ్చునట్లు కుడివైపునకు వాలిన సన్నని అక్షరములను గ్రిఫ్ఫో క్రొత్తగా చెక్కినాడు. నేడు ప్రతి కంప్యూటరులోను ఇటాలిక్ అను పేర నిలిచిన వాలుటక్షరమునకు మూలము ఇదియే. అయితే నాడు అది నొక్కి చెప్పుటకు ఉద్దేశింపబడినది కాదు. పుస్తకమంతయు దానితోనే కూర్చినారు. అప్పటి రాజకార్యాలయములలోని వ్రాయసకాండ్ర చేవ్రాతయే దానికి మాదిరి. చిన్న పరిమాణము కూడ ఆల్డస్ స్వకపోలకల్పితము కాదు. బెంబో తండ్రియైన బెర్నార్దో ఇంటి గ్రంథాలయమున నున్న చిన్న వ్రాతప్రతులనుండి గ్రహించితినని ఆయనయే తరువాత చెప్పుకొనినాడు. ప్రార్థనపుస్తకములు అంతకుముందే చిన్నవిగా అచ్చగుచుండెను. కావ్యమును ఆ పరిమాణమునకు దించుటయే క్రొత్త.

ఈ మార్పు ఎంత సాహసమో ఓరియంటల్ కళాశాలలో పాఠము చెప్పినవారు తేలికగా ఊహింపగలరు. మల్లినాథుని విడిచి రఘువంశమును అచ్చువేయుట వంటిది అది. వ్యాఖ్య లేని మూలమును చదువరి చేతిలో నుంచుట యనగా గురుస్థానమును పుస్తకమునుండి తొలగించుటయే. దీనిని ఆల్డస్ వ్యాఖ్యలయందు ద్వేషముతో చేయలేదు. 1498లో అరిస్టోఫనీస్ నాటకములను ముద్రించినపుడు ప్రాచీన టీకలు మూలము చుట్టును నిలిచినవి. ఆ హాస్యము టీక లేక తెలియదు. ఏ గ్రంథమునకు టీక ప్రాణమో, దేనికి భారమో వేరుచేసి చూచుట బోధకుని అనుభవము. రాజసేవకు, ప్రయాణమునకు, యుద్ధమునకు పోవువారు సైతము చేతబట్టి చదువవలెనని ఆ చిన్నపుస్తకములకు ఆయన కోరిక. హొరేస్, జువెనల్, పెట్రార్క్, డాంటే వరుసగా వచ్చినారు. కాటుల్లస్ ప్రభృతుల కవితాసంపుటిని మూడువేల ప్రతులు అచ్చువేసినట్లు ఆయన పీఠికయే తెలుపుచున్నది. సామాన్యముగా కొన్నివందల ప్రతులతో తృప్తిపడు కాలమున అది పెద్దసంఖ్య.

చిన్నపుస్తకము అమ్ముడుపోవుటతో దొంగముద్రణ మొదలైనది. 1501 మార్చిలోనే వెనిస్ ప్రభుత్వమునుండి ఆల్డస్ పదేండ్ల హక్కును పొందియుండెను. ఆ హక్కు వెనిస్ ఎల్లలు దాటిన చెల్లదు. ఫ్రాన్సులోని లియోన్ నగర ముద్రాపకులు అదే పరిమాణమున, అదే వాలుటక్షరముతో, ముద్రాపకుని పేరుగాని స్థలముగాని లేకుండ పుస్తకములు దింపినారు. 1503 మార్చి 16న ఆల్డస్ ఒక హెచ్చరికపత్రమును ప్రకటించినాడు. దొంగప్రతుల కాగితము నాసి, దానికి ఒక దుర్గంధము. అచ్చులు హల్లులతో కలియక విడివిడిగా నిలుచును. పుస్తకపుస్తకమున నున్న అచ్చుతప్పులు ఇవియని వివరముగా చూపినాడు. ఫలితము విపరీతము. లియోన్‌వారు ఆ పట్టికను ముందుంచుకొని తమ ప్రతులలోని తప్పులను దిద్దుకొనినారు. దొంగకు ప్రూఫులు దిద్దిపెట్టినవాడైనాడు వైయాకరణుడు. 1502 నుండి ఆయన పుస్తకములపై కనిపించు లంగరు, దానిని చుట్టిన డాల్ఫిన్ చేప గుర్తును సైతము అనుకరించినారు. ఆయన మరణానంతరము ఫ్లోరెన్స్ నకలుప్రతులలో చేప తల తప్పువైపునకు తిరిగియుండుటను వారసులు ఆనవాలుగా చూపవలసివచ్చినది.

హక్కుపత్రమున ఒక అన్యాయము దాగియున్నది. వాలుటక్షరమునకు హక్కు ఆల్డస్ పేర వచ్చినది. చెక్కిన గ్రిఫ్ఫోకు రాలేదు. వర్జిల్ పుస్తకారంభమున మూడు చరణములలో శిల్పిని ప్రశంసించినమాట నిజమే. కాని ప్రశంస వేరు, హక్కు వేరు. గ్రిఫ్ఫో తాను చెక్కిన అక్షరమును వెనిస్‌లో మరొకరికి అమ్ముకొను వీలు పోయినది. ఆయన విడిపోయి ఫానో నగరమున సొన్చీనో అను ముద్రాపకుని చేరినాడు. 1503లో పెట్రార్క్ పుస్తకపు అంకితమున, ఆల్డస్ వాడిన అక్షరములన్నియు గ్రిఫ్ఫో చెక్కినవే యని సొన్చీనో లోకమునకు చాటినాడు. 1516లో గ్రిఫ్ఫో స్వగ్రామమున స్వయముగా కొన్ని చిన్నపుస్తకములు ముద్రించినాడు. అనంతరము అల్లుని చంపిన నేరమున చిక్కుకొని చరిత్రనుండి అదృశ్యుడైనాడు. ఆల్డస్ చరిత్రకారులు ఈ ఘట్టమును తేలికగా దాటిపోవుట కద్దు, దాటదగినది కాదు.

ఆల్డస్ ఇల్లు పండితులతో నిండియుండెడిది. 1502 ప్రాంతమున ఆయన మిత్రబృందము గ్రీకుభాషలో ఒక నియమావళిని అచ్చువేసినది: సభ్యులు తమలో తాము గ్రీకుననే మాటాడవలెను, తప్పినవాడు జరిమానా చెల్లింపవలెను, జరిమానాసొమ్ముతో విందు జరుపవలెను. ఇది నిజముగా నడచిన పరిషత్తో, పండితుల వినోదమో తేల్చుట కష్టము. 1505లో ఆయన భాగస్వామి తొరెసానీ కుమార్తె మరియాను వివాహమాడినాడు. మరుసటి సంవత్సరము వర్జిల్ వ్రాతప్రతులకై తిరుగుచు మంటువా సరిహద్దున చిక్కుపడినాడు. కావలివారిని చూచి వెంటనున్న సేవకుడు పరుగెత్తగా, నేరగాండ్రని తలచి ఆల్డస్‌ను చెరలో నుంచిరి. మంటువా పాలకునికి విన్నపములు పంపుకొని కొన్నిదినములకు విడుదల పొందినాడు.

1508లో ఎరాస్మస్ ఆ ఇంట బసచేసి, తన లోకోక్తిసంగ్రహమును మూడువేలకు పైగా అంశములతో పెంచి ప్రకటించినాడు. ఒకమూల ఆయన వ్రాయుచుండ, వేరొకమూల కూర్పరులు కూర్చుచుండ, ఆల్డస్ ప్రూఫులు చదువుచుండెడివాడు. ఆ ఇంటి భోజనమును, నీళ్ళవంటి ద్రాక్షరసమును ఎరాస్మస్ చాలకాలము తరువాత ఎగతాళి చేసినాడు. తప్పు మామగారిదే యని తోచును. వచ్చిపోవువారి తాకిడి భరింపలేక ఆల్డస్ తన గదివాకిట ఒక ప్రకటన వ్రాయించినాడు: వచ్చినవారు పని క్లుప్తముగా చెప్పి వెడలవలెను, భారము మోయుటకు భుజమిచ్చువారైన ఉండవచ్చును.

1509లో వెనిస్ యుద్ధమున ఓడుటతో అచ్చుకూటము మూతపడినది. ఆల్డస్ సంచారిగా కాలము గడపి 1512లో తిరిగివచ్చినాడు. 1513 సెప్టెంబరున ప్లేటో సమగ్రరచనలు మొట్టమొదటిసారిగా గ్రీకున వెలువడినవి. పరిష్కరణలో క్రీటు ద్వీపపు పండితుడు మార్కస్ ముసూరస్ తోడ్పడినాడు. అంకితము పోపు పదవ లియోకు. అంత ఘనమైన అంకితములో సైతము ఆల్డస్ తన పుస్తకములలోని తప్పులను తలచుకొనినాడు. వీలైనచో ఒక్కొక్క తప్పును ఒక్కొక్క బంగారునాణెమునకు కొని తుడిచివేయుదునని తెలిపినాడు. వ్రాతప్రతిలోని తప్పు ఒక ప్రతితో ఆగును, అచ్చుతప్పు వేయి ప్రతులలో ఒక్కసారిగా పుట్టును. నాడు పాఠాంతరములను తూచుటకు వ్యవధి తక్కువ, దొరికిన ప్రతియే ప్రమాణము. ఆల్డస్ గ్రీకుపాఠములను తరువాతి పరిష్కర్తలు చాలచోట్ల సవరింపవలసివచ్చుటకు కారణము ఇదియే. ఆయన ఆ లోపమును ఎరిగి అచ్చువేసినాడు. పరిపూర్ణపాఠమునకై వేచియున్నచో ఉన్న ఒక్క ప్రతియు నశింపవచ్చునని ఆయన భయము. దాదాపు 20 సంవత్సరములలో సుమారు 130 గ్రంథములు ఆయన చేతిమీదుగా వెలువడినవి. గ్రీకు ప్రథమముద్రణములే వానిలో 30 దాకా కలవు.

1515 ఫిబ్రవరి 6న ఆల్డస్ మరణించినాడు. సాన్ పతెర్నియాన్ దేవాలయమున ఆయన దేహమును ఉంచి, చుట్టును ఆయన అచ్చువేసిన పుస్తకములను పేర్చినారు. ఆయన గ్రీకువ్యాకరణమును ఆ సంవత్సరమే ముసూరస్ ప్రకటించినాడు. రెండేండ్ల కుమారుడు పౌలో పెరిగి పెద్దవాడగువరకు తొరెసానీ అచ్చుకూటమును నడపినాడు.

మరణమునకు మూడువారములముందు వ్రాసిన వీలునామాలో ఆస్తిపంపకముల నడుమ ఒక వృత్తివిషయము కనిపించును. వర్జిల్ మొదలు ఆయన వాలుటక్షరములలో చిన్న అక్షరములే వాలినవి, పెద్ద అక్షరములు నిటారుగనే నిలిచిపోయినవి. ఆ టైపునకు తగిన పెద్ద అక్షరములను జూలియో కంపన్యోలా అను శిల్పిచేత చేయించి పూర్తిచేయవలెనని వారసులను కోరినాడు. వాలిన పెద్ద అక్షరములు తరువాతి దశాబ్దములలో ఇతర నగరముల ముద్రాపకుల పుస్తకములలో వాడుకకు వచ్చినవి.